వార్తను నిలదీయడం పిల్లలకు నేర్పాలంటే

45 నిమిషాల పీరియడ్‌కు ఒక్క వార్త చాలు. నాలుగైదు తెస్తే పిల్లలు నిజమనో, అబద్ధమనో చేతులెత్తి ఓటేసి ఊరుకుంటారు, తేల్చుకునే పద్ధతి మాత్రం ఒంటబట్టదు. పచ్చి అబద్ధాలు తేకండి, వాటిని చిన్న తరగతుల పిల్లలే ఇట్టే పట్టేస్తారు. ఫొటో అసలుదే అయినా సందర్భం వేరైనదో, అంకె సరిగ్గానే ఉన్నా అర్థం మారినదో ఎంచుకోండి.

మొదటి 5 నిమిషాల్లో వార్త చూపించి, ఎంత నమ్ముతున్నారో పదికి మార్కులేసి నోట్సులో రాసుకోమనండి. అప్పుడే చర్చ పెట్టకండి. గట్టిగా మాట్లాడేవాడు ముందు నోరు విప్పితే మిగతావాళ్లంతా అటే ఒరుగుతారు.

తర్వాతి 15 నిమిషాలు వెతుకులాటకు. చాలా క్లాసులు పక్కదారి పట్టేది ఇక్కడే. వెబ్‌సైట్ నీటుగా ఉందా, అచ్చుతప్పులున్నాయా, ‘మా గురించి’ పేజీ ఉందా అంటూ ఒక చెక్‌లిస్టు చేతికిస్తాం. అవన్నీ ఆ సైటువాళ్లు తమకు నచ్చినట్టు దిద్దుకోగలిగినవే! అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో వెలువరించిన అధ్యయనంలో 10 మంది చరిత్రకారులు, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది విద్యార్థులు వెబ్‌సైట్లను పరీక్షించారు. చదువుకున్న చరిత్రకారులు కూడా లోగోలు, సైటు పేర్లు చూసి తరచూ బోల్తాపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీలో ఎక్కువసేపు ఉండకుండా కొత్త ట్యాబ్ తెరిచి, ఆ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ చదివి, త్వరగా తేల్చేశారు. కాబట్టి నిమిషం దాటకుండా పేజీలోంచి బయటికి రావాలని గట్టిగా చెప్పండి. ఫొటో అయితే, అది ఇంటర్నెట్‌లో ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతికిపెట్టే రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి, దొరికినవాటిలో అన్నిటికన్నా పాత తేదీ చూడాలి. ‘నిన్నటి’ వరద ఫొటో మూడేళ్ల కిందటే కనిపిస్తే పని అక్కడితో అయిపోయినట్టే.

అంకెలుంటే బోర్డు దగ్గరికి రండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఒక మాట చెప్పింది: ప్రాసెస్ చేసిన మాంసం (సాసేజ్, బేకన్ లాంటివి) రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుంది. నూటికి 18 మందికి జబ్బు వస్తుందన్నట్టే వినబడుతుంది కదా? బోర్డు మీద 100 చుక్కలు పెట్టండి. మామూలుగా ఐదుగురికి వస్తుందనుకుని 5 చుక్కలు ఎర్రగా దిద్దండి. ఐదులో 18 శాతమంటే 0.9, అంటే ఆరో చుక్క దాదాపు ఎర్రబడుతుంది, అంతే. ‘18 శాతం’ నిజమే, ‘నూటికి ఒకరు ఎక్కువ’ కూడా నిజమే. శీర్షికలో ఏది పెడతారు, ఎందుకు పెడతారు అని అడిగి మీరు ఆగిపోండి.

పన్నులు, చట్టాల వంటి విషయాలైతే ముందు బోర్డును రెండుగా చీల్చండి. ఆధారాలతో తేలేవి ఒకవైపు, ఏది ముఖ్యమన్న అభిప్రాయాలు ఇంకోవైపు. సగం తగువులు ఈ గీత గీయగానే చల్లారతాయి. ఆపైన అవతలి పక్షం వాదనను, వాళ్లు విని ‘అవును, మేమనేది ఇదే’ అనేలా మూడు వాక్యాల్లో రాయించండి. మీ అభిప్రాయం మాత్రం చివరిదాకా బయటపెట్టకండి. తెలిసిందంటే పిల్లలు దానికి తగ్గట్టే రాస్తారు.

ఆఖరి 5 నిమిషాల్లో మళ్లీ మార్కులు వేయించి, ఎందుకు మారాయో ఒక వాక్యం రాయించండి. కొన్ని వారాలకే ప్రతిదానికీ సున్నా వేసేస్తూ, ‘అంతా అబద్ధమే సార్’ అంటున్నారా? వాళ్లు ఆలోచించడం మానేశారన్నమాట, తప్పు మన ఎంపికలోనే ఉంది. మూడింట ఒకటైనా పరీక్షకు నిలిచే నిజమైన వార్త తెచ్చిపెట్టండి, అదీ నమ్మశక్యంగా అనిపించనిది.