గీత వెంట పరుగు – 4వ పాఠం: పోటీ స్థలంలో మళ్లీ కొలవడం

గత పాఠం పూర్తి చేసినవారి లైన్ ఫాలోవర్ బండి (నేల మీది గీతను తానే అనుసరించే చిన్న రోబో) ఈపాటికి ఇంట్లో వేసుకున్న నల్ల గీత మీద తడబడకుండా తిరుగుతూ ఉండాలి. అయిదు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, ప్రోగ్రాము నడిపే ఆర్డుయినో ఊనో బోర్డు, మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, రెండు 18650 రీఛార్జబుల్ సెల్స్ మన దగ్గర ఉన్నాయి. ఈ పాఠంలో వాటికి కలిపేది ఒక్క పుష్ బటన్ మాత్రమే.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల్లో జరిగే లైన్ ఫాలోవర్ పోటీలు చూసినప్పుడల్లా నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. మొదటి రౌండులోనే వెనుదిరిగే జట్లలో చాలావాటి బండ్లు బాగానే ఉంటాయి. హాస్టల్ గదిలో ట్యూబ్‌లైటు కింద కొలిచిన అంకెలను ప్రోగ్రాములో రాసేసి, వాటినే నమ్ముకుని పోటీ హాలుకు రావడం వల్ల ఆ బండ్లు గీత తప్పుతాయి. హాలు మారితే వెలుతురు మారుతుంది, నేల మారుతుంది, బ్యాటరీ కూడా ఉదయం ఉన్నట్టు సాయంత్రం ఉండదు.

ముందు వెలుతురు సంగతి చూద్దాం. సెన్సరులోని ఎల్ఈడీ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కిందికి పంపుతుంది. తెల్లని నేల దానిని తిప్పి పంపుతుంది, నల్లని గీత పీల్చుకుంటుంది. మనం చేసుకున్న వైరింగులో తెలుపు మీద అంకె తగ్గుతుంది, నలుపు మీద పెరుగుతుంది. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి, మధ్యాహ్నం మూడు దాటాక పడమటి కిటికీలోంచి ట్రాక్ మీద ఎండ చార పడితే, ఆ చారలో నల్ల గీత కూడా సెన్సరుకు తెల్లగానే తోస్తుంది. బండి సరిగ్గా అక్కడికి వచ్చేసరికి గీత మాయమైనట్టు దారి వదిలేస్తుంది. దీనికి విరుగుడు చాలా చవక: నల్ల చార్టు పేపరును సన్నని పట్టీగా కోసి, సెన్సర్ల చుట్టూ నేలకు రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తు వరకు దిగేలా ఇన్సులేషన్ టేపుతో అతికించండి.

నేలలో మరో చిక్కు ఉంది. మనం ఇంట్లో ఇన్సులేషన్ టేపుతో గీత వేసుకుంటాం. పోటీల్లో ట్రాక్‌ను తరచుగా ఫ్లెక్సీ మీద ముద్రిస్తారు. కంటికి ఒకేలా కనిపించే రెండు నలుపులు ఇన్‌ఫ్రారెడ్‌కు ఒకేలా ఉండాలని లేదు. కార్బన్ ఉన్న నలుపు ఆ కాంతిని బాగా పీల్చుకుంటుంది. కొన్ని రంగుసిరాల నలుపు చాలా భాగాన్ని తిప్పి పంపేస్తుంది. పైగా ఫ్లెక్సీ నున్నగా మెరుస్తుంది, మడతలు పడిన చోట పైకి లేస్తుంది.

అందుచేత ప్రోగ్రాములో ఏ అంకెనూ శాశ్వతంగా రాయకూడదు. పుష్ బటన్ నొక్కగానే బండి కొన్ని క్షణాలపాటు కొలతలు మాత్రమే తీసుకునేలా ప్రోగ్రాము రాయండి. ఆ సమయంలో బండిని చేత్తో గీతకు అడ్డంగా అటూ ఇటూ జరుపుతుంటే, ప్రతి సెన్సరూ తాను చూసిన అతి తక్కువ అంకెను, అతి ఎక్కువ అంకెను విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. అయిదింటికీ కలిపి ఒకే సగటు తీసి పని కానిద్దామనుకోకండి. ఒకే దుకాణంలో, ఒకే రోజు కొన్న సెన్సర్లు కూడా ఒకే అంకె చూపవు. ఈ కొలతలను చిప్‌లోని ఈఈప్రామ్‌లో (కరెంటు లేకపోయినా నిలిచే చిన్న మెమరీలో) దాచుకుంటే బండి ఆపేసినా చెరిగిపోవు. అక్కడ 1024 బైట్లుంటే మనకు కావలసింది 20.

ఇక లెక్క. మూడో సెన్సరు తెలుపు మీద 90, నలుపు మీద 610 చూపిందనుకుందాం. ఇప్పుడు 350 చూపుతోంది. 350లోంచి 90 తీసేస్తే 260. దానిని 1000తో గుణించి, 610కీ 90కీ తేడా అయిన 520తో భాగిస్తే 500 వస్తుంది. అంటే సెన్సరు సరిగ్గా గీత అంచు మీద ఉంది. ఇలా చేస్తే హాలు ఏదైనా, ఫ్లెక్సీ ఏదైనా ప్రతి సెన్సరూ 0 నుంచి 1000 లోపే మాట్లాడుతుంది. ఇక్కడ ఒక చోట ఆగి చూడండి: 260ని 1000తో గుణిస్తే 2,60,000. ఊనోలో పూర్ణాంకాలను దాచే మామూలు ‘ఇంట్’ రకానికి గరిష్ఠం 32,767 మాత్రమే. ఆ చరరాశిని ఇంకా పెద్ద అంకెలు పట్టే ‘లాంగ్’ రకంగా ప్రకటించకపోతే లెక్క పొంగిపోయి 500 రావలసిన చోట -4 వస్తుంది. కంపైలరు నోరు మెదపకపోవచ్చు, బండి మాత్రం పిచ్చెక్కినట్టు తిరుగుతుంది.

గీత ఎక్కడుందో తేల్చడానికి ఎడమ నుంచి కుడికి సెన్సర్లకు 0, 1000, 2000, 3000, 4000 అని స్థానాలిచ్చి, భారిత సగటు తీయాలి, అంటే ప్రతి స్థానాన్నీ ఆ సెన్సరు అంకెతో గుణించి, వచ్చిన మొత్తాన్ని అంకెల మొత్తంతో భాగించాలి. మూడోది 800, నాలుగోది 400, మిగిలినవి సున్నా అయితే సగటు 2333. నడిమి స్థానం 2000 కనుక తేడా 333. గీత కుడికి జరిగింది. గత పాఠంలోని కేపీ (తేడాను ఎంత సవరణగా మార్చాలో చెప్పే గుణకం) విలువ 0.1 అయితే సవరణ 33. మూల వేగం 120 కాబట్టి ఎడమ మోటారుకు 153, కుడి మోటారుకు 87 వెళ్తుంది, బండి కుడికి తిరుగుతుంది.

బ్యాటరీ విషయానికి వస్తే, నిండుగా ఛార్జైన రెండు సెల్స్ కలిసి 8.4 వోల్టులిస్తాయి, కాసేపు వాడాక 7.4 దగ్గర ఉంటాయి. ఎల్298ఎన్ అందులో సుమారు 2 వోల్టులు తానే మింగేస్తుంది కాబట్టి మోటార్లకు 6.4 అందవలసింది 5.4కు తగ్గుతుంది. సగం దిగిన బ్యాటరీతో కేపీ సరిచేసుకుని, పోటీకి నిండు బ్యాటరీ పెడితే బండి గీత మీద పాములా ఊగడం అందుకే. ఏ వోల్టేజీ దగ్గర సరిచేశారో మల్టీమీటరుతో చూసి రాసుకోండి, అదే వోల్టేజీతో పరుగు తీయించండి.

పోటీ రోజున నిర్వాహకులు చాలా చోట్ల బండిని పరుగుకు ముందే తీసుకుని బల్ల మీద పెట్టేస్తారు, ఆ తర్వాత ల్యాప్‌టాప్ కలపనివ్వరు. బటన్ విలువ అప్పుడు తెలుస్తుంది. వాలంటీరును “అన్నా, ట్రాక్ మీద ఒక్కసారి పెట్టి చూసుకుంటాం” అని మర్యాదగా అడిగితే సాధారణంగా కాదనరు. ఆ కాస్త వ్యవధిలో కిటికీ పక్క ఒకసారి, నీడలో ఒకసారి కొలిచే పద్ధతి ముందే అలవాటై ఉండాలి. పరుగు ముగియగానే, గెలుపోటముల చర్చ మొదలవకముందే, బండి ఏ మలుపులో గీత వదిలింది, అప్పుడు వోల్టేజీ ఎంత, అక్కడ ఎండ ఉందా అన్నవి నోట్సులో రాయండి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసేది చాలావరకు ఊహే అవుతుంది.

మలుపుల్లో ఊగిసలాట ఇంకా మిగిలితే కంగారుపడకండి, అది కేపీ ఒక్కదానితో తీరేది కాదు. 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడల చుక్కాని గురించి రాస్తూ, మంచి చుక్కానిదారు ఓడ ఎంత పక్కకు పోయిందన్నదానితో పాటు ఎంత వేగంగా పోతోందో కూడా గమనిస్తాడని గుర్తించాడు. వచ్చే పాఠంలో ఆ రెండో భాగాన్ని మన బండికి నేర్పుతాం.

ఈలోగా అభ్యాసం: ఒకే గీత మీద, గదిలో ట్యూబ్‌లైటు కింద, కిటికీ పక్కన, ఎండపడే వరండాలో అయిదు సెన్సర్ల తెలుపు, నలుపు అంకెలు కొలవండి. కాగితపు పట్టీ ఉన్నప్పుడు ఒక పట్టిక, తీసేసినప్పుడు మరో పట్టిక రాయండి. వరండాలో ఏ సెన్సరుకైనా రెండు అంకెల తేడా 100 కన్నా తగ్గితే పట్టీని ఇంకాస్త కిందికి దించి మళ్లీ కొలవండి.