పాత భవనంలోని కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

• ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వెంటాడుతుంటే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి. నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

• మెట్ల సంగతి ఫోనులోనే అడగండి. పాత కట్టడాల్లో లిఫ్టు అరుదు, గడపలు ఎత్తు. మోకాళ్ల నొప్పులుంటే, చక్రాల కుర్చీ వాడుతుంటే కింది అంతస్తులో గది ఇవ్వగలరేమో ముందే తేల్చుకోండి.

• చిన్న ఊళ్లో అసలు చిక్కు గోప్యత. వరండాలో తెలిసినవారు ఎదురుపడవచ్చు. రద్దీ లేని వేళ కోరడంలో తప్పులేదు. కౌన్సెలర్ మీ బంధువో, కుటుంబ స్నేహితులో అయితే మరొకరిని చూసుకోవడమే మేలు. బజారులో కనిపిస్తే పలకరించాలా వద్దా అన్నది మొదటి రోజే మాట్లాడుకోండి. మీరు చెప్పినవి ఏ పరిస్థితుల్లో బయటకు చెప్పాల్సి వస్తుందో కూడా అడగండి. ప్రాణాపాయం, పిల్లలపై హింస వంటివి సాధారణంగా ఆ కోవలోకి వస్తాయి.

• పెద్ద హాలును చెక్క అడ్డుగోడలతో గదులుగా విడగొట్టి ఉంటే మాట ఆగదు. పక్కగది మాటలు మీకు వినిపిస్తున్నాయంటే మీవీ వారికి వినిపిస్తాయి. మొహమాటపడకుండా చెప్పండి, ఎంత అందమైన భవనమైనా సరే.

• వాడుతున్న మందుల పేర్లు రాసుకెళ్లండి.

• సెషన్ సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు. వెంటనే మరో పని పెట్టుకోకండి, కళ్లు తుడుచుకోవడానికైనా కాస్త సమయం కావాలి.