చించిల్లా బొచ్చు రంగు మారినట్టుందా? ఇలా చూసి తెలుసుకోండి

చించిల్లా అంటే ఒత్తైన మెత్తటి బొచ్చుండే, ఎలుక జాతికి చెందిన పెంపుడు జంతువు. దాని రంగు పైపైన చూస్తే తెలియదు. మామూలు బూడిద రంగు చించిల్లా వెంట్రుక మొదట్లో ఒక రంగు, మధ్యలో ఒకటి, కొసన ఇంకొకటి ఉంటుంది. "మా దానికి రంగు మారిపోతోంది" అని టెన్షన్ పడేవాళ్లలో చాలామంది చూస్తున్నది కొత్త రంగును కాదు, లోపల ఎప్పటినుంచో ఉన్న రంగునే.

ముందు ఊది చూడండి

పగటిపూట కిటికీ దగ్గర ఒళ్లో కూర్చోబెట్టుకుని, పక్క భాగం మీద మెల్లగా ఊదండి. బొచ్చు పువ్వులా విచ్చుకుంటుంది. అడుగున ముదురు పలక రంగు, మధ్యలో తెల్లటి పట్టీ, కొసన నలుపు కనిపిస్తే అది స్టాండర్డ్ గ్రే. ఒక్కో కుదురు నుంచి 50కి పైగా వెంట్రుకలు వస్తాయి. అంత ఒత్తైన బొచ్చును వేళ్లతో విడదీయడం కన్నా ఊదడమే సులువు.

తర్వాత పొట్ట, చెవులు, కళ్లు

వీపు నల్లగా ఉండి పొట్ట తెల్లగా ఉంటే బ్లాక్ వెల్వెట్. దీని ముందు పాదాల మీద ఏటవాలుగా నల్లటి చార ఉంటుంది. పొట్టతో సహా ఒళ్లంతా నలుపైతే ఎబొనీ. లేత గోధుమ రంగు బొచ్చు, గులాబీ చెవులు, ఎర్రటి ఛాయ ఉన్న కళ్లు బీజ్ గుర్తులు. ఒళ్లు తెల్లగా ఉన్నా చెవులు, కళ్లు ముదురుగా ఉంటే వైట్. దాన్ని ఆల్బినో (పుట్టుకతోనే ఒంటికి రంగు లేనిది) అనుకోకండి.

మాథియాస్ చాప్‌మన్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజనీరు 1923లో చిలీ నుంచి కాలిఫోర్నియాకు 11 చించిల్లాలను తీసుకొచ్చాడు. అడవి చించిల్లాల రంగు బూడిదే. మిగతా రంగులు తర్వాత ఫారాల్లో జన్యు మార్పుల వల్ల బయటపడ్డాయి. ఆ ఫారాల వాళ్లకు కావలసింది తొడుక్కునే బొచ్చు కోట్లు కుట్టడానికి చర్మాలు. మనం ముద్దుగా పలికే వెల్వెట్, బీజ్ పేర్లు ఆ వ్యాపారంలో పుట్టినవే.

ఫొటోలు తీసి పెట్టుకోండి

నెలకోసారి, ఒకే చోట, ఒకే వేళలో, ఫ్లాష్ లేకుండా తీయండి. దానికి ముందు 10-15 నిమిషాలు డస్ట్ బాత్ చేయించండి, అంటే చించిల్లాల కోసం అమ్మే సన్నటి పొడిలో పొర్లనివ్వండి. జిడ్డు పట్టిన బొచ్చు ముద్దకట్టి ముదురుగా కనిపిస్తుంది. విశాఖలాంటి తీరప్రాంతపు ఉక్కలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అలాగని నీళ్లతో కడగొద్దు, లోపలి తడి త్వరగా ఆరదు. ఏసీ లేని గదిలో చించిల్లాను పెట్టే మాటే వద్దు, 27 డిగ్రీలు దాటితే దాని ప్రాణానికే ముప్పు.

ఏ మార్పు మామూలు, ఏది కాదు

బీజ్, ఎబొనీ రకాల్లో పాత బొచ్చు కొసలు గాలి తగిలి తుప్పు రంగుకు తిరుగుతాయి. కొత్త బొచ్చు రాగానే అసలు రంగు తేలుతుంది. ఆ సమయంలో ఒంటి మీద పాత, కొత్త బొచ్చుల మధ్య గీత కూడా కనిపించవచ్చు. మొజాయిక్ (తెలుపులో వేరే రంగు మచ్చలు కలిసిన రకం) పిల్లల మచ్చలు ఎదిగేకొద్దీ అటూఇటూ అవుతాయి. బీజ్ చెవుల మీద వయసుతో చిన్న చిన్న మచ్చలు వస్తాయి. వీటికి ఏమీ చేయనక్కర్లేదు.

గట్టిగా పట్టుకున్నా, బెదిరినా చించిల్లా బొచ్చు గుప్పెడు వదిలేస్తుంది. అడుగున చర్మం నున్నగా, శుభ్రంగా ఉంటే భయం లేదు, అది మళ్లీ పెరగడానికి వారాలూ నెలలూ పడుతుంది. నున్నగా లేకుండా, ఎవరో కత్తిరించినట్టు ఎగుడుదిగుడుగా ఉండి పలక రంగు బయటపడితే, అది తన బొచ్చు తానే కొరుకుతోందన్నమాట. లేదా పక్కది కొరుకుతుండవచ్చు. ఒత్తిడి, విసుగు, ఏదైనా నొప్పి కారణం కావచ్చు.

ముక్కు, కళ్లు, చెవుల చుట్టూ బొచ్చు రాలి పొట్టు లేస్తుంటే తామర అని అనుమానించాలి. అది మనకూ అంటుకుంటుంది. గ్లౌజులు వేసుకుని పట్టుకోండి. గడ్డం కింద తడిసి రంగు మారితే పళ్ల సమస్య కావచ్చు. ముందు పళ్లు నారింజ రంగులో ఉండటమే ఆరోగ్యం, తెల్లబడితే మంచిది కాదు. ఇలాంటప్పుడు కుక్కలు, పిల్లులనే చూసే డాక్టర్ కన్నా ఎక్సోటిక్ పెట్స్ (చించిల్లాల్లాంటి అరుదైన పెంపుడు జంతువులు) చూసే డాక్టర్ నయం. ఆ నెలవారీ ఫొటోలు వెంట తీసుకెళ్లండి.

జత కట్టించే ముందు

వైట్‌ను వైట్‌తో, వెల్వెట్‌ను వెల్వెట్‌తో కలపొద్దు. రెండు వైపుల నుంచీ ఆ జన్యువు అందిన పిండం, అంటే సగటున నాలుగింట ఒకటి, బతకదు. బీజ్‌కు ఈ బాధ లేదు. వయొలెట్ (ఊదా), సఫైర్ (నీలి ఛాయ) రంగులైతే తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ అందితేనే కనిపిస్తాయి కాబట్టి, రెండు బూడిద రంగు వాటికి ఊదా పిల్ల పుట్టినా ఆశ్చర్యపోకండి. మొజాయిక్‌లలోనూ ఉండేది ఆ వైట్ జన్యువే, కానీ కొన్నింటికి నాలుగు తెల్ల వెంట్రుకలు తప్ప పైకి ఏ గుర్తూ ఉండదు. అమ్మినవాళ్లు తల్లిదండ్రుల రంగులు చెప్పలేకపోతే ఆ ఆడ, మగ చించిల్లాలను వేర్వేరు బోనుల్లోనే ఉంచండి.