సూదులు, పాదరసం: చెత్తబుట్టలో పడేయకూడనివి

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే సూదులు నెలలోనే బోలెడు పోగవుతాయి. వాటికి బట్టల లిక్విడ్ డబ్బా బాగా పనికొస్తుంది: గట్టి ప్లాస్టిక్, మర మూత. మంచినీళ్ల బాటిల్ వద్దు, కాస్త నొక్కితే సూది బయటికి పొడుచుకొస్తుంది. సిరంజికి మళ్లీ క్యాప్ పెట్టబోకండి, వేలికి గుచ్చుకునేది అప్పుడే. వాడిన వెంటనే డబ్బాలో వేసేయండి. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, చుట్టూ టేపు వేసి, మార్కరుతో ‘సూదులు, తెరవొద్దు’ అని రాయండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే వీటిని ఇంటి ప్రమాదకర చెత్తగా చేర్చారు. తడి, పొడి రెండింటిలోనూ కలపకుండా చెత్త బండి వాళ్లకు చెప్పి మరీ ఇవ్వాలి. ఎందుకంటే ఆ సంచుల్లో చేతులు పెట్టి ఏరేది వాళ్లే.

పాదరసం థర్మామీటరు పగిలితే పిల్లల్ని బయటికి పంపి, ఫ్యాను ఆపి, కిటికీలు తెరవండి. చీపురు పట్టారో, ఒక్క బొట్టు వంద పూసలై మంచం కిందికి పోతుంది. చేతి ఉంగరం తీసేయండి, బంగారానికి పాదరసం ఇట్టే అంటుకుంటుంది. గ్లౌజులు వేసుకుని, రెండు అట్టముక్కలతో పూసల్ని దగ్గరికి నెట్టి గాజు సీసాలోకి ఎత్తండి. టార్చి వాలుగా వేస్తే మిగిలినవి మెరుస్తాయి; వాటిని టేపుతో అద్దండి. టేపూ, అట్టా అదే సీసాలో. సింకులో మాత్రం పోయొద్దు.

శానిటరీ ప్యాడ్లకు ఇంత తతంగం లేదు: న్యూస్‌పేపర్లో గట్టిగా చుట్టి విడిగా ఇస్తే చాలు.