సాక్సోఫోన్ స్వయంగా – 6వ పాఠం: దవడ వదులు

రీడ్ (మౌత్‌పీస్‌కి, అంటే నోట్లో పెట్టుకునే ముక్కకి, బిగించే పలుచని రెల్లు పట్టీ) బిగించడం పోయిన వారం అయిపోయింది. ఇక పెదవి, దవడ. బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించి ఇటు వచ్చినవాళ్లు ఈ పాఠం రెండుసార్లు చదవండి.

రష్యన్ జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు ఇగర్ బుట్‌మన్ కూడా క్లారినెట్ నుంచే వచ్చారు. 1961లో లెనిన్‌గ్రాడ్‌లో పుట్టి, 11 ఏళ్లకే క్లారినెట్ పట్టారు. 1976లో రిమ్‌స్కీ-కోర్సకోవ్ సంగీత కళాశాలలో చేరారు. అక్కడే, గెన్నాదీ గోల్ష్‌టెయిన్ శిష్యరికంలో, సాక్సోఫోన్‌కి మారారు. 1987లో అమెరికా వెళ్లి బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివారు. మాస్కో తిరిగొచ్చి 1999లో సొంత బిగ్ బ్యాండ్ (పెద్ద జాజ్ బృందం) పెట్టారు. ఆయన టెనర్ సాక్సోఫోన్‌లో (ఆల్టో కంటే పెద్దది, కింది స్థాయిలో పలికేది) నాకు బాగా ఇష్టమైనది నిండుదనం. ఎంత వేగంగా వాయించినా నాదం పలచబడదు. దవడ బిగించి వాయిస్తే ఆ నిండుదనం రానే రాదు.

ఈ రెండు వాద్యాల తేడా ఒకసారి చూడండి. సాక్సోఫోన్‌లో 'స' పట్టుకుని ఆక్టేవ్ కీ నొక్కితే పై 'స' పలుకుతుంది. క్లారినెట్‌లో రిజిస్టర్ కీ నొక్కితే పై 'స' కూడా దాటి, దాని మీది 'ప' పలుకుతుంది. క్లారినెట్ గొట్టం చాలావరకు ఒకే వెడల్పు. సాక్సోఫోన్ మన సన్నాయిలాగా కిందికి పోనుపోనూ విచ్చుకుంటుంది. అందుకే వేళ్లతోపాటు నోరు కూడా కొత్తగా నేర్చుకోవాలి. క్లారినెట్ అలవాటుతో నేను రీడ్‌ని కరిచిపట్టేవాణ్ణి. మొదటి నెలల్లో కింది పెదవి లోపల పళ్ల గాట్లు పడేవి, స్వరం సన్నగా కీచుమనేది.

ఇప్పుడు మౌత్‌పీస్ విడిగా తీయండి. పై పళ్లు దానిమీద ఆనించండి. కింది పెదవిని పళ్లమీదికి కొంచెం మాత్రమే మడవండి. నోటి లోపల 'ఓ' అంటున్నంత ఖాళీ ఉంచి, బుగ్గలు ఉబ్బకుండా ఊదండి. ఫోన్‌లో ట్యూనర్ (పలికే స్వరాన్ని పాశ్చాత్య అక్షరాల్లో చూపే యాప్) పెట్టుకోండి. ఆల్టో మౌత్‌పీస్ అయితే 'ఎ' (A), టెనర్‌ది అయితే 'జి' (G) దగ్గర ముల్లు నిలబడాలి. అంతకంటే పైకి పోతోందంటే కరుస్తున్నారన్నమాట. దవడ మెల్లగా దించుతూ పోండి, స్వరం జారి దాని చోటికి వస్తుంది. మరీ దించితే గాలి పక్కల నుంచి కారిపోతుంది, అప్పుడు పెదవి మూలలు దగ్గరకు లాగండి.

అది కుదిరాకే మౌత్‌పీస్‌ని వాద్యానికి తగిలించి, మధ్య స్థాయిలో ఒక్క స్వరం 8 లెక్కలు పట్టండి. రోజుకు 10 నిమిషాలు చాలు. పెదవి నొప్పెడితే ఆపేయండి, బలవంతం వద్దు.

వచ్చే వారం నాలుకతో స్వరం విడగొట్టడం. ఈలోపు బుట్‌మన్ టెనర్ మీద వాయించిన నెమ్మది పాట ఏదైనా విని, ఒక్కో స్వరం ఎలా మొదలవుతోందో చెవిపెట్టి గమనించండి.