మెనూలో మిగిలిపోయిన కథలు: మరుగున పడిన షూటర్ క్యాంపెయిన్లను ఎంచుకుని ఆడే తీరు

ఒంగోలులో మా తరం వాళ్లలో చాలామంది ఫస్ట్ పర్సన్ షూటర్ ఆటలను, అంటే పాత్ర కళ్లతోనే చూస్తూ తుపాకీ కాల్చే ఆటలను, నేర్చుకున్నది నెట్ సెంటర్లలోనే. గంటకు ఇంత అని అద్దె కట్టి, నలుగురు స్నేహితులు వరుసగా సిస్టమ్‌ల ముందు కూర్చుని, లాన్‌లో, అంటే ఆ సిస్టమ్‌లను కలిపిన నెట్‌వర్క్‌లో, ఒకరినొకరు కాల్చుకోవడమే ఆట అనుకున్న రోజులవి. సింగిల్ ప్లేయర్, అంటే ఒంటరిగా ఆడే కథ (క్యాంపెయిన్), అనే మాట మెనూలో కనిపిస్తూనే ఉండేది గాని, దాన్ని నొక్కినవాడు లేడు. ఆరేడు గంటల కథను గంట అద్దెతో ముగించడం ఎవరికీ కుదరదు. పైగా సిస్టమ్ ఆపి వేసిన ప్రతిసారీ పాత స్థితికి వచ్చేటట్టు యజమానులు సాఫ్ట్‌వేర్ పెట్టుకునేవారు కనుక, నిన్న సేవ్ చేసిన ఆట ఈ రోజు ఉండేది కాదు. తరువాత ఫోన్లు వచ్చాయి, పబ్‌జీ వచ్చింది, 2020 సెప్టెంబరులో దాన్ని నిషేధించాక దాని చోటికి మరొకటి వచ్చింది. కథలు మాత్రం మెనూల్లోనే మిగిలిపోయాయి. ఇప్పుడు ఇంట్లో సొంత ల్యాప్‌టాప్, ఫైబర్ లైను ఉండి, ఆనాడు వదిలేసిన ఆ బటన్ దగ్గరికి తిరిగి వెళ్లాలనుకునేవారు దేనితో మొదలుపెట్టాలో, ఎలా ఆడాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఎంపిక సంగతి. ఏ ఆటనైనా నేను ఒకే ఒక్క ప్రశ్నతో వడగడతాను: కథ ఆడేవాడి చేతుల్లో జరుగుతున్నదా, లేక కాల్పులకు కాల్పులకు మధ్య సినిమా ముక్కలుగా చూపిస్తున్నారా? పెద్ద పేరున్న చాలా ఆటల్లో కథను తీసేసినా కాల్పులు అలాగే ఉంటాయి, కాల్పులను తీసేసినా కథ అలాగే ఉంటుంది. అటువంటి కథను యూట్యూబ్‌లో చూసినా సరిపోతుంది. మనం వెతకవలసింది, ట్రిగ్గర్ నొక్కడమో నొక్కకపోవడమో, ఒక చోట ఆగి వినడమో వినకుండా పోవడమో కథలో భాగమైపోయిన ఆటలను. కొనకముందే ఈ సంగతి తెలుసుకోవాలంటే, వ్యాఖ్యానం లేని గేమ్‌ప్లే వీడియోను మొదటి ఇరవై నిమిషాలు మాత్రమే చూసి ఆపేయండి. అంతసేపట్లో పాత్ర ఎన్నిసార్లు మన ఆధీనం నుంచి తప్పిపోయిందో గమనిస్తే చాలు. ఇరవై నిమిషాలు దాటి చూస్తే కథ తెలిసిపోతుంది కనుక, ఈ విషయంలో కాస్త నిగ్రహం అవసరం.

మరుగున పడిన ఆటను పట్టుకోవడానికి రెండు ఆనవాళ్లు ఉన్నాయి. మొదటిది విడుదల తేదీ. టైటాన్‌ఫాల్ 2 అనే ఆట 2016 అక్టోబరు 28న వచ్చింది. దానికి వారం ముందు, అక్టోబరు 21న, బ్యాటిల్‌ఫీల్డ్ 1 విడుదలైంది. వారం తరువాత, నవంబరు 4న, కాల్ ఆఫ్ డ్యూటీ ఇన్ఫినిట్ వార్‌ఫేర్ వచ్చింది. బ్యాటిల్‌ఫీల్డ్ 1నూ టైటాన్‌ఫాల్ 2నూ విడుదల చేసింది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే ఒకే సంస్థ అన్నది ఇందులో వింత. సంక్రాంతికి ఒకే నిర్మాత తన రెండు సినిమాలను పోటీగా దింపినట్టు అయింది. దానికి తోడు 2014లో వచ్చిన మొదటి టైటాన్‌ఫాల్‌లో విడిగా కథ లేదు, ఆన్‌లైన్ పోరాటమే ఉండేది. కాబట్టి రెండోదీ అంతేనని చాలామంది అనుకున్నారు. తేదీల పట్టికలో పెద్ద ఆటల మధ్య ఇరుక్కుపోయిన పేర్లను ఈ విధంగా వెతికితే మంచివి బయటపడతాయి.

రెండో ఆనవాలు తయారు చేసినవారి చరిత్ర. స్వీడన్‌లోని స్టార్‌బ్రీజ్ అనే స్టూడియో 2004లో రిడిక్ జైలు కథను, 2007లో ద డార్క్‌నెస్‌ను తయారు చేసింది. రెండో ఆటలో కథానాయకుడు సోఫాలో ప్రియురాలి పక్కన కూర్చుని, తుపాకీ ప్రసక్తే లేకుండా, టీవీలో ఒక పూర్తి సినిమాను చూస్తూ ఉండిపోవచ్చు. ఆ స్టూడియోలో పనిచేసినవారిలో కొందరు బయటికి వచ్చి 2009లో మెషీన్‌గేమ్స్‌ను ప్రారంభించి, 2014లో ఉల్ఫెన్‌స్టైన్ ద న్యూ ఆర్డర్‌ను ఇచ్చారు. కేవలం నాజీలను కాల్చే ఆట అనుకున్న దానిలో అన్ని నిశ్శబ్ద సన్నివేశాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఈ వరుస చూస్తే అర్థమవుతుంది. నచ్చిన ఆట పూర్తయ్యాక క్రెడిట్స్‌లోని పేర్లను పట్టుకుని ముందుకూ వెనక్కూ వెళ్లడం, ఏ జాబితా కన్నా నమ్మదగిన మార్గం.

ఇక కొనుగోలు, డౌన్‌లోడ్. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో రూపాయల్లో, యూపీఐ ద్వారా చెల్లించవచ్చు. వేసవిలోనూ డిసెంబరులోనూ జరిగే సేల్ వరకు ఆగితే పాత ఆటలు బాగా చవకగా దొరుకుతాయి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చే కాపీల జోలికి పోవద్దు. ఒకప్పుడు నేను ఒక దుకాణంలో అలా ఎక్కించుకున్న ఆట, చివరి అధ్యాయానికి ముందు తెరుచుకోవడం మానేసి, దానితో పాటు కాలేజీ ప్రాజెక్టు ఫైళ్లను కూడా తీసుకుపోయింది. పరిమాణం ముందే చూసుకోండి: టైటాన్‌ఫాల్ 2కు 45 జీబీ స్థలం కావాలి, మెట్రో 2033 రిడక్స్‌కు 10 జీబీ, కాల్ ఆఫ్ హువారెజ్ గన్‌స్లింగర్‌కు 5 జీబీ చాలు. 30 ఎంబీపీఎస్ లైనులో 45 జీబీ దిగడానికి లెక్క ప్రకారం మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది గనుక రాత్రి పెట్టి పడుకోవడం మేలు. దిగిన తరువాత ఒకసారి నెట్ ఉండగానే ఆటను తెరిచి చూసి, ఆపైన స్టీమ్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టుకోండి. నవంబరు తుపానులకు కేబుళ్లు తెగి రెండు రోజులు నెట్ లేకపోయినా కథ ఆగదు. మల్టీప్లేయర్ ఆడేవారికి ఈ సౌకర్యం లేదు.

రోహిణీ కార్తెలో ఆడేవారికి ఒక హెచ్చరిక. మన ఎండలకు ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడితే పది నిమిషాల్లో వేడెక్కి ఆట నత్తనడక నడుస్తుంది. గట్టి బల్ల మీద పెట్టి, ఫ్రేమ్ రేటును (సెకనుకు తెర మీద మారే చిత్రాల సంఖ్యను) 60 దగ్గర కట్టేస్తే వేడి చాలావరకు తగ్గుతుంది. కథా ప్రధానమైన ఆటకు అంతకు మించి అవసరం లేదు. డెస్క్‌టాప్ ఉన్నవారికి కరెంటు కోత మరో సమస్య. ఈ ఆటల్లో ఎక్కువ భాగం చెక్‌పాయింట్ దగ్గర, అంటే ఆట తానే నిర్ణయించిన చోట మాత్రమే సేవ్ అవుతాయి, మనం కోరుకున్న చోట కాదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌ను మామూలు 600 వీఏ యూపీఎస్ మోయలేకపోవచ్చు కనుక కాస్త పెద్దదే తీసుకోండి. తల తిరిగే అలవాటు ఉన్నవారు, సెట్టింగ్స్‌లో ఉంటే, ఫీల్డ్ ఆఫ్ వ్యూను (తెర మీద కనిపించే దృశ్యం వెడల్పును) 90 డిగ్రీల దాకా పెంచుకోవాలి. సబ్‌టైటిల్స్ తప్పనిసరిగా పెట్టుకోండి. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా తూటాల మోతలో సగం మాటలు వినిపించవు. ఇవన్నీ పెద్దల కోసం తయారైన ఆటలు కాబట్టి పిల్లలు పడుకున్నాక, హెడ్‌ఫోన్స్‌తో ఆడడం ఇంటికి మంచిది, కథకూ మంచిది.

మొదటి ఆటగా నేను ఎవరికైనా గన్‌స్లింగర్‌నే సూచిస్తాను. టెక్‌ల్యాండ్ సంస్థ 2013లో తయారు చేసిన ఈ ఆట చిన్నది, సాధారణ ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, నాలుగైదు గంటల్లో పూర్తవుతుంది. 1910లో, అమెరికాలోని ఏబిలీన్ అనే ఊరి మద్యశాలలో, సైలస్ గ్రీవ్స్ అనే, బహుమతి కోసం నేరస్థులను వేటాడిన ముసలివాడు తన పాత సాహసాలను చెబుతూ ఉంటాడు. మనం ఆడేది ఆయన చెప్పే మాటలను. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే పక్కనున్న వంత ఎలా అడ్డుపడతాడో, ఇక్కడ వినేవాళ్లు అలాగే అడ్డుపడతారు. వారు అడ్డుపడినప్పుడల్లా మన కళ్ల ముందున్న లోకం మారిపోతుంది. దారి లేని చోట దారి పుడుతుంది. మనపై దాడి చేస్తున్న అపాచీలు (అమెరికా ఆదివాసీ తెగవాళ్లు), అపాచీల మాదిరిగా దాడి చేసిన బందిపోట్లు మాత్రమేనని ముసలివాడు సవరించుకోగానే మాయమై, వారి స్థానంలో వేరేవాళ్లు వస్తారు. ఇందులో పరుగెత్తితే నష్టం. కొత్త చోటికి చేరగానే కాసేపు నిలబడి, చెబుతున్న మాట పూర్తయ్యేదాకా వినండి. అక్కడక్కడ దొరికే కార్డులలో ఆయా వ్యక్తుల అసలు చరిత్ర ఉంటుంది. వాటిని ఏరుకుని చదివితే ముసలివాడు ఎంత కోస్తున్నాడో తెలుస్తుంది. చివర్లో ఎదురయ్యే నిర్ణయాన్ని మీకు మీరే తీసుకోండి, ఎవరినీ అడగవద్దు.

దీని తరువాత టైటాన్‌ఫాల్ 2. రెస్పాన్ స్టూడియో తయారు చేసిన ఈ క్యాంపెయిన్ అయిదారు గంటలే. జాక్ కూపర్ అనే మామూలు సిపాయి, బీటీ అనే భారీ యంత్రం, వీరిద్దరి స్నేహమే కథ. మొదట్లో గాంట్‌లెట్ అనే పరుగు పరీక్ష పెట్టి, మన వేగాన్ని బట్టి ఆటే కష్టస్థాయిని సూచిస్తుంది. అభిమానం అడ్డు రాకుండా దాని మాట వినండి. బీటీ మాట్లాడినప్పుడు తెర మీద రెండు జవాబులు కనిపిస్తాయి. ఏది ఎంచుకున్నా కథ మారదు గనుక చాలామంది వాటిని పట్టించుకోరు. ఆ మాటామంతీ లేకపోతే ముగింపు సగం చచ్చిపోతుంది, కాబట్టి ప్రతిసారీ జవాబు చెప్పండి. ఎఫెక్ట్ అండ్ కాజ్ అనే అధ్యాయానికి వచ్చేసరికి ఆ రాత్రికి మరే పనీ పెట్టుకోవద్దు. చేతికి కట్టిన పరికరంతో, శిథిలమైన ఒక పరిశోధనాలయానికీ అది సజావుగా పనిచేస్తున్న గతానికీ మధ్య రెప్పపాటులో మారుతూ వెళ్లాలి: వర్తమానంలో మంటలు అడ్డువస్తే గతంలోకి, గతంలో కాపలాదారులు చుట్టుముడితే వర్తమానంలోకి. ఇంత గొప్ప పరికరాన్ని ఆ ఒక్క అధ్యాయంలో వాడి, తరువాత పక్కన పెట్టేశారు. మరొక స్టూడియో అయితే దానితోనే మూడు ఆటలు చేసి ఉండేది.

మూడోది మెట్రో 2033. ఉక్రెయిన్‌కు చెందిన 4ఏ గేమ్స్ 2010లో తయారు చేసింది. ఇప్పుడు కొనవలసింది 2014లో మెరుగులు దిద్దుకుని వచ్చిన రిడక్స్ రూపాన్ని. అణుయుద్ధం తరువాత మాస్కో మెట్రో రైలు సొరంగాల్లో బతుకుతున్న మనుషుల కథ ఇది. నెల్లూరులో రొయ్యల చెరువుల పని చూసుకునే మా బావమరిది దీన్ని రెండు రాత్రుల్లో ముగించి, “ఏంది బావా, అంతా చీకటేగా, కథ ఏముంది ఇందులో?” అని ఫోన్ చేశాడు. అడిగితే తెలిసింది, స్టేషన్లలో ఒక్కరి మాటా వినకుండా దూసుకుపోయాడని. ఈ ఆటలో పైకి చెప్పని ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. మనుషుల సంభాషణలు నిలబడి వినడం, బిచ్చగాడికి ఒక తూటా ఇవ్వడం, పిల్లవాడిని తల్లి దగ్గరకు చేర్చినప్పుడు ఆమె ఇవ్వబోయిన ప్రతిఫలాన్ని వద్దనడం, ఇటువంటివన్నీ ఆ లెక్కలో చేరతాయి. చేరినప్పుడు తెర క్షణంపాటు మెరుస్తుంది, అంతే. ముగింపు ఏది వస్తుందో ఈ లెక్కను బట్టి ఉంటుంది. ఇక్కడ యుద్ధానికి ముందు తయారైన మంచి తూటాలే డబ్బు కూడా. కష్టం వచ్చినప్పుడు వాటినే తుపాకీలో వేసి కాల్చవచ్చు, అంటే జేబులోని రూపాయలను కాల్చుకుంటున్నట్టే. కనుక మొదటిసారి నార్మల్ స్థాయిలో ఆడుతూ, స్టేషన్‌కు చేరిన ప్రతిసారీ తుపాకీ సంగతి మరచి, సంతలో తిరిగినట్టు తిరగండి. గ్యాస్ మాస్కు వడపోతలకు కాలపరిమితి ఉంటుంది, చేతి గడియారం చూసుకుంటూ ఉండాలి. మా బావమరిదిచేత రెండోసారి ఇలాగే ఆడించాను. ఈసారి వారం పట్టింది, ముగింపు మారింది, ఫిర్యాదు రాలేదు.

పాత సిస్టమ్ మాత్రమే ఉన్నవారికి 2005 నాటి బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ రోడ్ టు హిల్ 30 ఉంది. 1944 జూన్‌లో నార్మండీలో దిగిన అమెరికన్ పారాచూట్ దళంలోని చిన్న బృందానికి మనం నాయకులం. ఒక జట్టుతో కాల్పులు జరిపించి శత్రువును తల ఎత్తనివ్వకుండా చేసి, రెండో జట్టుతో పక్కనుంచి చుట్టుముట్టాలి. శత్రువు తలపై ఎర్రని గుండ్రం బూడిదరంగుకు మారిందంటే కదలవచ్చని అర్థం. ఒంటరిగా ముందుకు దూకితే చస్తారు, మనవాళ్లను తొందరపెడితే వాళ్లు చస్తారు. బృందంలోని పేర్లను మొదటి అధ్యాయంలోనే గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరమవుతాయి. రేవన్ సంస్థ 2010లో తెచ్చిన సింగ్యులారిటీ కూడా బాగానే ఉంటుంది, వస్తువుల వయసును ముందుకూ వెనక్కూ తిప్పే చేతిపరికరం సరదాగా ఉంటుంది. అయితే కథలో ఎక్కువ భాగం టేపుల్లో వినిపించేదే కనుక నా వడపోతలో అది అంచున నిలుస్తుంది. 2000 నాటి నో వన్ లివ్స్ ఫరెవర్ గురించి ఎవరైనా చెబితే ఆశపడవద్దు, హక్కుల చిక్కుముడి వల్ల అది అమ్మకంలో లేదు.

పై వాటి తరువాత కూడా తీరిక ఉంటే, టైటాన్‌ఫాల్ 2కు పోటీగా వచ్చిన ఇన్ఫినిట్ వార్‌ఫేర్‌ను కూడా ఆడి చూడండి. అంతరిక్ష యుద్ధం అనగానే జనం విసుక్కుని, దాని మొదటి ట్రైలర్‌కు 30 లక్షలకు పైగా డిస్‌లైకులు కొట్టారు. ఆ కోపంలో క్యాంపెయిన్‌ను చూసినవారే తక్కువ. ఇందులో మీరు ఓడకు కెప్టెన్. ఏ పనికి ముందు వెళ్లాలో మీరే నిర్ణయిస్తారు. ప్రధాన కథను తరుముకుంటూ పోకుండా పక్క పనులన్నీ చేసి, మధ్యలో ఓడలో నడుస్తూ సిబ్బంది మాటలు వినండి. కథ అయిపోగానే అలవాటుగా ఎస్కేప్ నొక్కవద్దు. క్రెడిట్స్ వెంట వినిపించే గొంతులు, మీరు కెప్టెన్‌గా ఉండగా పోయినవాళ్లవి.