పింఛను ఆగిందా? స్టేషన్ నుంచి పిలుపొచ్చిందా? విశాఖలో ఏం చేయాలి, ఎవరిని అడగాలి

"ఏటమ్మా, నీ మీద కేసుందంట గదా, ఇంక పింఛనెలగొస్తాది?" జాలారిపేటలోనో, కొబ్బరితోటలోనో, ఆరిలోవ కొండవాలు ఇళ్ల మధ్యో ఈ మాట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అనేది పక్కింటివాళ్లు కావచ్చు, వీధి నాయకుడు కావచ్చు, ఒక్కోసారి ఖాకీ చొక్కా వేసుకున్నవాళ్లూ కావచ్చు. విన్నవాళ్లు హడలిపోయి సచివాలయం గడప తొక్కడం మానేస్తారు. స్టేషన్లో ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేసేస్తారు. ఈ రెండూ చేయకూడనివే.

కేసు వేరు, పింఛను వేరు. పింఛను ఇచ్చేదీ ఆపేదీ సంక్షేమ యంత్రాంగం, పోలీసులు కాదు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను అర్హతల్లో వయసు, ఆదాయం, ఆస్తి, కరెంటు వాడకం, వాహనం లాంటివి ఉన్నాయి. ఎఫ్ఐఆర్ ఉందా, వారెంటు ఉందా అన్న గడి అందులో లేదు. కొన్ని దేశాల్లో ఈ రెంటినీ కలిపేశారు. న్యూజిలాండ్‌లో అరెస్టు వారెంటు 28 రోజులు దాటినా తేల్చుకోనివాళ్ల భత్యం తగ్గించడానికో, ఆపడానికో 2013 నుంచి చట్టమే ఉంది. మన పింఛనుకు అలాంటి నిబంధన పెట్టలేదు. కాబట్టి ఎవరైనా అలా బెదిరిస్తే "ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్" అనండి. చాలాసార్లు బెదిరింపు అక్కడితో ఆగిపోతుంది.

మొదట: ఎందుకు ఆగిందో తెలుసుకోండి

మీ వార్డు సచివాలయానికి వెళ్లి వెల్ఫేర్ సెక్రటరీని కలవండి. "ఆగిపోయింది" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. ఈ నెలకి రాలేదా, తాత్కాలికంగా నిలిపారా, జాబితాలోంచి పేరే తీసేశారా? మూడూ మూడు వేర్వేరు సమస్యలు, మూడింటికీ మందు వేరు. ఆన్‌లైన్లో మీ పేరు ఎదురుగా ఏం రాసుందో తెర మీద చూపించమనండి, కుదిరితే ప్రింటు తీయించుకోండి.

నెల మొదటి రోజు పింఛను ఇవ్వడానికి ఇంటికొచ్చినప్పుడు మీరు లేకపోతే అది పెద్ద విషయం కాదు. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే మాత్రం మీరు ఊరు వదిలి వెళ్లిపోయినట్టు లెక్కగట్టి నిలిపేస్తారు. కూలిపనికి వేరే ఊరు పోయినవాళ్లకూ, ఆసుపత్రిలో ఉన్నవాళ్లకూ, జైల్లో రిమాండ్‌లో ఉన్నవాళ్లకూ ఇలాగే ఆగుతుంది. కేసు వల్ల పింఛను పోయిందని జనం అనుకునేది చాలావరకు ఇదే. అసలు కారణం కేసు కాదు, మనిషి ఇంటి దగ్గర దొరకకపోవడం. తిరిగి వచ్చాక పునరుద్ధరించమని అర్జీ పెట్టుకోవచ్చు.

వేలిముద్ర పడకపోవడం ఇంకో తలనొప్పి. వలలు లాగిన చేతులకీ, సిమెంటు పని చేసిన చేతులకీ గీతలు అరిగిపోతాయి. కనుపాపతోనో, ముఖం గుర్తింపుతోనో ఇమ్మని అడగండి. ముద్ర పడలేదన్న ఒక్క కారణంతో అర్హుల్ని వెనక్కి పంపకూడదు. వీలున్నప్పుడు ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు మళ్లీ నమోదు చేయించుకోండి.

ఇక అసలైన చిక్కుముడి కుటుంబం మ్యాపింగ్, అంటే ఎవరెవరు ఒకే ఇంటివాళ్లని రికార్డులో చూపారో అది. ప్రభుత్వం అర్హతను ఒక మనిషిని బట్టి కాదు, ఒక ఇంటిని బట్టి చూస్తుంది. పట్టణంలో అయితే కుటుంబ ఆదాయం నెలకు 12,000 రూపాయలు దాటకూడదు, కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు మించకూడదు, వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లు ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు గానీ, సొంత కారు గానీ ఉండకూడదు. టాక్సీకి, ఆటోకి, ట్రాక్టరుకి మినహాయింపు ఉంది. కొడుకు పెళ్లి చేసుకుని గాజువాకలో వేరు కాపురం పెట్టి పదేళ్లయినా, రికార్డులో ఇంకా కంచరపాలెంలో తల్లితోనే ఉంటాడు. అతనికి ఉద్యోగం వచ్చిన రోజున తల్లి పింఛను లేచిపోతుంది.

ఇలాంటప్పుడు సచివాలయంలో వాదించి లాభం లేదు. తప్పు ఎక్కడ నమోదైందో అక్కడి నుంచే సరిచేసిన కాగితం తేవాలి. అద్దె ఇంటి మీటరుకో, ఓనరు పేరున్న నాలుగు మీటర్లకో మీ ఆధార్ తగిలించి ఉంటే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి తీసేయించాలి. ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా మీ పేరు మీదే ఉంటే రవాణా శాఖ దగ్గర బదిలీ పూర్తి చేయించాలి. ఇంటి కొలత తప్పుగా ఉంటే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) రెవెన్యూ వాళ్లతో పని. ఆ కాగితం తెచ్చాక సచివాలయం పని సులువవుతుంది.

దివ్యాంగుల పింఛను దారి వేరు. 2025లో వైకల్యం శాతం చెప్పే సదరం సర్టిఫికెట్లు మళ్లీ పరిశీలించి, వైకల్యం 40 శాతం కంటే తక్కువ తేలినవాళ్లకు నోటీసులిచ్చారు. అలాంటి నోటీసు వస్తే దాన్ని పారేయకండి, వచ్చిన తేదీ దాని మీదే రాసి పెట్టుకోండి. అందులో ఇచ్చిన గడువులోగా అప్పీలు చేసి, మళ్లీ వైద్య పరీక్ష చేయించమని అడగాలి. నగరంలో అప్పీలు మున్సిపల్ కమిషనర్‌కు పెట్టుకోవాలి.

తర్వాత: నోటితో కాదు, కాగితంతో అడగండి

పది సార్లు తిరిగిన తిరుగుడు ఏ రికార్డులోనూ ఉండదు, ఒక్క అర్జీ ఉంటుంది. భాష గొప్పగా ఉండక్కర్లేదు. ఇంత రాస్తే చాలు:

"నా పింఛను ఫలానా నెల నుంచి ఆగింది. ఆపేముందు నాకు నోటీసు ఇవ్వలేదు. ఏ నిబంధన కింద, ఏ అధికారి ఉత్తర్వుతో, ఏ తేదీన ఆపారో రాతపూర్వకంగా తెలపగలరు. నా అర్హతకు ఆధారాలు జతచేశాను. పింఛను పునరుద్ధరించి, ఆగిన నెలల బకాయి కూడా ఇప్పించగలరు."

కింద పేరు, పింఛను నంబరు, ఫోను నంబరు వేసి రెండు కాపీలు తీయించండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సంతకమో ముద్రో వేయించుకోండి. వేయనంటే అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపండి, పోస్టాఫీసు రసీదే సాక్ష్యం.

సచివాలయంలో తేలకపోతే జీవీఎంసీ జోనల్ ఆఫీసు, అక్కడ పింఛన్లు చూసే యూసీడీ (పట్టణ సమాజాభివృద్ధి) విభాగం. అదీ కాకపోతే సోమవారం మహారాణిపేటలోని కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. జనం ఇప్పటికీ 'గ్రీవెన్స్' అనో 'స్పందన' అనో అంటారు, ఏ పేరు చెప్పినా దారి చూపిస్తారు. అర్జీకి నంబరు ఇస్తారు, అది జాగ్రత్త. వెళ్లలేనివాళ్లు 1100కి ఫోన్ చేయవచ్చు. సమస్య తేలకుండానే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తే మళ్లీ తెరవమని అడగండి. ఇది అరుదేమీ కాదు, అందుకని చిన్నబుచ్చుకోవద్దు.

జవాబే రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. "నా పింఛను నిలిపిన ఉత్తర్వు కాపీ, పరిశీలన నివేదిక కాపీ ఇవ్వండి" అని ఆ ఆఫీసు సమాచార అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు కార్డు కాపీ జతచేస్తే పది రూపాయల రుసుము కూడా కట్టక్కర్లేదు. ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు.

పోలీసులు పిలిస్తే

2024 జులై 1 నుంచి అరెస్టు, దర్యాప్తు, బెయిలు ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. కింద చెప్పే సెక్షన్లన్నీ దీనివే. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ పేదవాడికి పనికొచ్చే రక్షణలు పోలేదు, కొన్ని పెరిగాయి కూడా.

"ఓసారి స్టేషన్‌కి రా" అని కానిస్టేబుల్ అంటే, ఏ కేసులో, సాక్షిగానా నిందితుడిగానా అని మర్యాదగానే అడగండి. సాక్షిగా అయితే స్త్రీలను, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, దివ్యాంగులను, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లను స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు. వాళ్ల ఇంటి దగ్గరే విచారించాలని 179వ సెక్షన్ చెబుతోంది. పింఛను తీసుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ నాలుగు కోవల్లోనే ఉంటారు కదా, ఈ సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకోవడం మంచిది.

నిందితుడిగా అయితే, అరెస్టు అవసరం లేని కేసుల్లో 35(3) కింద నోటీసు ఇవ్వాలి. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. నోటీసు అందాక మాత్రం తప్పకుండా వెళ్లండి. చెప్పినట్టు హాజరవుతున్నంత కాలం, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. ఎగ్గొడితే ఆ రక్షణ మీరే పోగొట్టుకున్నట్టు. వెంట ఇంట్లోవాళ్లనో, తెలిసిన పెద్దమనిషినో తీసుకెళ్లండి.

దర్యాప్తులో చెప్పిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. ఖాళీ కాగితం మీద సంతకం అయితే ఎవరడిగినా పెట్టవద్దు. రైస్ కార్డు, ఆధార్, పింఛను కాగితాల అసళ్లు స్టేషన్‌కి తీసుకెళ్లవద్దు, జిరాక్సులు చాలు. ఏదైనా స్వాధీనం చేసుకుంటే దాని జాబితా అడగండి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, మీకు అర్థమయ్యే భాషలో రాసి కూడా ఇవ్వాలి. ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి. అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యులో, ఆ వీధి పెద్దో సాక్షి సంతకం పెట్టాలి. ప్రయాణం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. స్త్రీలను సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మామూలుగా అరెస్టు చేయకూడదు. 60 దాటినవాళ్లను, అశక్తులను మూడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు, మన నగరంలో అంటే ఏసీపీ. మేజిస్ట్రేటు "ఏమైనా చెప్పుకోవాలా?" అని అడిగినప్పుడు దెబ్బలు తగిలి ఉంటే చెప్పండి. అక్కడ మౌనంగా ఉంటే తర్వాత ఎంత చెప్పినా విలువ తగ్గుతుంది.

వారెంటు, పూచీకత్తు

ఎప్పుడో పాత కేసులో వాయిదాకు వెళ్లక నాన్‌బెయిలబుల్ వారెంటు వచ్చిందనుకోండి. అది దానంతటది పోదు, కోర్టు రద్దు చేసేదాకా బతికే ఉంటుంది. లాయరుతో అదే కోర్టులో రీకాల్ పిటిషన్ వేయించి, మీరే వెళ్లి నిలబడితే చాలా సందర్భాల్లో కోర్టు దయతలుస్తుంది. దాక్కుంటే ఒకటో తారీఖున ఇంటి దగ్గర దొరకరు, మూడు నెలలకు పింఛనూ ఆగుతుంది.

బెయిలబుల్ కేసులో జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇది నాకు మింగుడుపడని విషయం. 1978లోనే మోతీరాం అనే మేస్త్రీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, పేదవాడి శక్తికి మించిన జామీను అడగడం తప్పని తీర్పిచ్చారు. ఇప్పుడు 478వ సెక్షన్ ప్రకారం వారంలోపు జామీను ఇచ్చుకోలేని మనిషిని పేదగానే భావించి సొంత బాండు మీద వదలాలి. ఈ మాట కోర్టులో ఎవరో ఒకరు ఎత్తాలి, అంతే.

బ్యాంకు ఖాతా స్తంభించిపోతే

పింఛను చేతికే వస్తుంది కాబట్టి ఫరవాలేదు. తల్లికి వందనం, పీఎం కిసాన్, గ్యాస్ రాయితీ మాత్రం ఖాతాలో పడతాయి. సైబర్ మోసం సొమ్ము మీ ఖాతా మీదుగా వెళ్లిందని ఏ రాష్ట్రం పోలీసులో ఆపించవచ్చు. ఖాతా వాడుకుని అద్దె ఇస్తామంటే కుర్రాళ్లు ఏటీఎం కార్డులు అప్పగించేస్తున్నారు, ఆ తిప్పలు తర్వాత తల్లుల మీద పడుతున్నాయి. ఖాతా ఆపే అధికారం 106వ సెక్షన్ కింద పోలీసులకు ఉంది, కానీ ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలి. ముందు బ్యాంకు నుంచి ఏ స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు, ఎంత మొత్తం అన్నది రాతలో తీసుకోండి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి, ప్రభుత్వ పథకం డబ్బు వదలమని దర్యాప్తు అధికారికి రాయండి. వినకపోతే మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్.

లాయరుకి డబ్బుల్లేవా?

జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని పొందవచ్చు. మిగతా పేదలకు ఆదాయ పరిమితి చూస్తారు. 15100కి ఫోన్ చేసినా చాలు. ఈ లాయరు మీ దగ్గర ఫీజు అడగకూడదు, అడిగితే అదే సంస్థకు చెప్పండి.

పింఛను అర్జీ మీద ఎంతకీ జవాబు రాకపోతే, నోటీసు లేకుండా ఆపారని అమరావతిలోని హైకోర్టులో రిట్ (అధికారులను ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. అందుకూ ఉచిత సహాయం ఉంది, జిల్లా సంస్థ ద్వారానే హైకోర్టు కమిటీకి దరఖాస్తు వెళ్తుంది. వాళ్లు మొదట అడిగేది ముద్ర వేసిన అర్జీ కాపీ, గ్రీవెన్స్ నంబరు, ఆర్టీఐ జవాబు. చివరిగా పింఛను అందిన నెల ఏదో కూడా రాసి పెట్టుకుని వెళ్లండి.